ఇరవై క్రెడిట్ల ఎండాకాలం

అది ఒక అమ్మాయి వారం రోజుల్లో చేయాల్సిన చదువు. దాన్ని ఐదుగురు లెక్చరర్లకు తలా ఒక సబ్జెక్టు చొప్పున పంచి ఇచ్చాం. ఏసీ గది, వేళకు టీ, అడిగితే బిస్కట్లు. పొద్దున కూర్చున్నవాళ్ళు కాలేజీ మూసే వేళకు సగం కూడా దాటలేదు. ఆ ఐదు సబ్జెక్టులనూ ఆ అమ్మాయి బీడీలు చేసుకుంటూ ఒక్కతే మోస్తోంది. ఆ సాయంత్రం మా ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. చివరి సంవత్సరాల్లో నా గది తలుపుకు 'ఆన్‌లైన్ కోర్సుల కోఆర్డినేటర్' అని ఒక బోర్డు తగిలించారు. నాకు ప్రమోషన్లు ఎలా వచ్చాయో, ఎవరెవరు శాలువాలు కప్పారో ఇక్కడ రాయను. అవి చదివి బాగుపడ్డవాళ్ళు లేరు. కొత్తగా లెక్చరర్లుగా చేరుతున్న పిల్లలు ఈమధ్య ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "సార్, ఆన్‌లైన్ల నాలుగు క్రెడిట్లంటే పిల్లలకు ఎంత పని ఇయ్యాలె?" ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పబోతే నాకు లావణ్య గుర్తొస్తుంది. అందుకని ఇదంతా.

గోడ మీది బోర్డు

నేను చేరిన కొత్తలో మా ప్రిన్సిపాల్ వాహెద్ సాబ్. టైమ్‌టేబుల్ ఆయనే వేసేవారు. ఆఫీసు గోడకు పెద్ద అట్ట, దాని మీద రంగు చీటీలు, గుండుసూదులు. వేసవి సెలవుల్లో ఆయన ఆ అట్ట ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇంట్లోవాళ్ళు కూడా పలకరించేవాళ్ళు కాదట. అప్పటికి క్రెడిట్ అనే మాట మా దగ్గరికి రాలేదు. పీరియడ్ ఒక్కటే లెక్క.

బోధన్ వైపు నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడు ఒకసారి ఆయన దగ్గరికి వెళ్ళాడు. చెరకు సీజన్‌లో రోడ్డంతా చెరకు ట్రాక్టర్లే. వాటి వెనక బస్సు నడిచినట్టు వస్తుంది, మొదటి పీరియడ్ పోతుంది. అలా తప్పిన సబ్జెక్టుల కోసం ఈ ఏడు జూనియర్ల క్లాసులో కూడా కూర్చుంటానన్నాడు. వాహెద్ సాబ్ అట్ట చూపించారు. రెండు చీటీలూ ఒకే గడిలో ఉన్నాయి.

"అరే బేటా, నీ పానం ఒక్కటే. గీ రూముల కూసుంటవా, గా రూముల కూసుంటవా? ఫైసలా జేసుకొని రా."

కుర్రాడు ముఖం మాడ్చుకుని పోయాడు. పెద్దాయనది ఎంత రాతిగుండె అనుకున్నాను. ఆ గోడ మీది అట్ట పిల్లల్ని కాపాడే కంచె అని నాకు తెలియడానికి ఆ అట్టే లేని రోజులు రావాల్సి వచ్చింది.

తర్వాత క్రెడిట్లు వచ్చాయి. కొత్తవాళ్ళ కోసం ఒకసారి చెప్పేస్తాను. సెమిస్టర్ పొడుగునా వారానికి ఒక గంట పాఠం వింటే ఒక క్రెడిట్. అందరూ ఇక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఒక గంట పాఠానికి కనీసం ఒక గంట ఇంటిదగ్గర చదువు, రాత, లెక్కలు కలిపితేనే ఆ క్రెడిట్ నిండుతుంది. రెండో గంటను మా కాలేజీలో ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు. క్లాసులో ఆ గంట కనబడదు. పిల్లాడు అరుగు మీద కూర్చుని చదువుకున్నాడో, గోళీలాడాడో మనకేం తెలుసు?

గంట మోగని క్లాసు

మా కాలేజీ అటానమస్ అయింది. అంటే సిలబస్, పరీక్షలు మావే. డిగ్రీలో కొన్ని సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్ళ కోసం ఎండాకాలంలో ఆన్‌లైన్ టర్మ్ పెడదామని మా ప్రిన్సిపాల్ గంగారెడ్డి సార్ అన్నారు. మనిషి మంచివాడు, తొందర ఎక్కువ. పదహారు వారాల కోర్సు ఎనిమిది వారాల్లో. క్రెడిట్లు మాత్రం అవే నాలుగు.

"ఎనిమిది వారాల్లో ఎలా సార్?" అన్నాను.

"ఇంట్ల కూసునే చదువు గదా రావుగారూ! బస్సు లేదు, బెంచి లేదు. అల్కగ అయితది."

అల్కగా! తేలిగ్గా అట! ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో గింగురుమంటోంది.

మా లెక్చరర్లకు ఇంకో భయం. క్లాసు లేదు కాబట్టి పిల్లలు గాలికి తిరుగుతారని. క్లాసులో నాలుగు గంటలు పట్టే పాఠం, హాజరు, అల్లరి, "నిశ్శబ్దం!" అని అరుపులు తీసేస్తే వీడియోలో సగం సేపట్లో అయిపోతుంది. పని తక్కువైందని వాళ్ళకు గుబులు పట్టుకుంది. అందుకని ఒకాయన వారం వారం క్విజ్ పెట్టాడు. ఒకావిడ చర్చలో రోజూ ఏదో ఒకటి రాయమంది. ఇంకొకాయన ప్రాజెక్టు అన్నాడు. అన్నీ ఆదివారానికే ఇవ్వాలి. ఎవరి కోర్సు వాళ్ళు భక్తిగా చేశారు. ఐదూ కలిపి ఒక పిల్ల నెత్తిన పెడితే ఎంతవుతుందో చూసే కుర్చీ మా కాలేజీలో లేదు. వాహెద్ సాబ్ కుర్చీ ఎప్పుడో స్టోర్ రూముకు పోయింది.

మాది బోధన్ దారిలో ఎడపల్లి. మా నాన్న కాలువ భూముల కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. "ఒరేయ్, కాలవ నిండుగా ఉంది కదా అని అందరూ ఒకేసారి తూములెత్తితే చివరి మడికి బురద కూడా రాదురా" అనేవాడు. మా ఆదివారాలు అచ్చం అలాగే ఉండేవి.

మా ఊరివాడే ఒకడు ఆ టర్మ్‌లో ఎకనామిక్స్ తీసుకున్నాడు. ఫోన్‌ను ట్రాక్టర్ మడ్‌గార్డు మీద పెట్టి, వీడియోలు నడిపించి, పొలం దున్నేవాడు. ఇంజన్ హోరులో పాఠం వాడికి ఏం వినబడిందో దేవుడికే తెలియాలి. కనబడినప్పుడు ద్రవ్యోల్బణం అంటే ఏమిట్రా అని అడిగాను.

"అది రెండో వీడియోనాండీ, మూడోదా?"

"వీడియో కాదురా, విషయం!"

"అదేంటండీ, అన్నిటికీ పచ్చ టిక్కులు పడ్డాయి కదా!"

నాకు దిమ్మ తిరిగింది. మా కంప్యూటర్ లెక్కలో వాడు ఆ వారం పాఠాలన్నీ విన్న విద్యార్థి. లావణ్యకూ అవే పచ్చ టిక్కులు.

చెవులకేం పని?

లావణ్యది నిజామాబాద్ పాత బజారు వెనక ఒక గల్లీ. ఒకప్పుడు మగ్గాల ఇల్లు, ఇప్పుడు బీడీల ఇల్లు. భర్త బోధన్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా. చిన్న పాప ఉంది. డిగ్రీ చివరి ఏడాదిలో కాన్పుకు వెళ్ళి ఆగిపోయింది. ఐదు సబ్జెక్టులు, ఇరవై క్రెడిట్లు మిగిలాయి. ఎండాకాలం టర్మ్‌కు పేరు రాయించుకోవడానికి నా గదికి వచ్చింది.

"సార్, ఐదూ ఒక్కపారే రాస్కోండ్రి."

"ఐదా? ఎనిమిది వారాల్లోనా? నీకేమైనా పిచ్చా అమ్మా?"

"గుడ్లెల్లవెట్టకుండ్రి సార్, జెర ఇనుండ్రి. మీ వీడియోలు లెక్కజేసిన. వారానికి ఒక్కో సబ్జెక్టుకు నాలుగు గంటలు. ఐదింటికి ఇరవై. రోజుకు మూడు గంటలు గూడ లేవాయె. నేను పొద్దుగాల చేట ముందటేసుకుంటే పొద్దుగూకేదాంక లేవ. బీడీలు జేసేటియి చేతులు. చెవులకేం పని సార్? ఉత్తగనే ఉంటయి."

వాళ్ళ వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు ఒక్కచోట కూర్చుని బీడీలు చేస్తారట. ఫోన్ నడుమ పెడితే అందరూ వింటారట. బీడీలు చేసేవాళ్ళకు వినడం అలవాటు. పాటలు, సీరియళ్ళు, పక్కింటి తగాదాలు అన్నీ చేతులు ఆగకుండానే వినేస్తారు. పాఠం కూడా అలాగే అనుకుంది. వేరే ఊళ్ళో, వేరే పని చేసే మనిషికి ఆ ఆలోచన రాదు.

"రెండు ఇప్పుడు తీసుకో. మూడు తర్వాత చూద్దాం" అన్నాను.

"తర్వాత అంటే సీటు వోతది సార్. బీఈడీ ఎంట్రెన్స్‌ల ర్యాంకు అచ్చింది. కౌన్సెలింగ్ లోపట డిగ్రీ మెమో సూపియ్యాలె. మల్ల రాస్తే మల్ల గా ర్యాంకు అస్తదా? ఇంట్ల మల్ల రాయనిస్తరా? గీ ఒక్కపారికే మా ఆయనను ఒప్పియ్యనీకె నా తాతలు దిగొచ్చిండ్రు."

రూల్సు తీసి చూశాను. ఇన్ని సబ్జెక్టులే తీసుకోవాలని ఎక్కడా లేదు. గోడ మీద అట్ట ఉంటే ఐదు చీటీలు ఒకదాని మీద ఒకటి పడేవి, అడ్డం చెప్పేవి. ఆన్‌లైన్‌లో ఏ గంటా ఇంకో గంటకు అడ్డం రాదు. రాసుకున్నాను.

చేతుల్లేవు సార్

మూడో వారంలో మళ్ళీ వచ్చింది. గుర్తుపట్టలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా అలాగే నిలబడింది.

"సార్, చెవులున్నయి గని చేతుల్లేవు."

"అంటే?"

"ఇనుడు ఇంటున్న. అన్నీ ఇన్న. గని రాసుడెట్ల? చదువుడెట్ల? ఆకు కోసే కత్తెర కింద వెడ్తే బీడీలు ఆగుతయి, వెట్టకపోతే రాసుడు ఆగుతది. బీడీలు తక్కువైతే కార్ఖానావోళ్ళు నా పేర ఉన్న బీడీ కార్డు తీసేస్తమంటుండ్రు. కార్డు వోతే పీఎఫ్ వోతది. రాసుడు ఆగితే సీటు వోతది. నేనేం జెయ్యాలె, చెప్పుండ్రి."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, మంచినీళ్ళిచ్చి పంపేవాణ్ణి. తన ఫోన్ నా ముందు పెట్టింది. ఐదు కోర్సులూ తెరిచి ఆ వారం ఇవ్వాల్సినవన్నీ ఒక కాగితం మీద వేసుకుంటూ పోయాను. చదవాల్సిన పేజీలు, క్విజ్‌లు, చర్చలు, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టులు. వేసేకొద్దీ నా చెయ్యి నెమ్మదించింది. కూడితే వారానికి వంద గంటలు దాటింది.

మళ్ళీ కూడి చూశాను. కామర్స్ లెక్చరర్‌ని, కూడికలో పొరబడను. వంద దాటింది.

సరే, మావాళ్ళు భక్తి ఎక్కువై పెట్టినవి తీసేద్దాం, అసలు క్రెడిట్ అడిగేదెంతో చూద్దాం అనుకున్నాను. నాలుగు క్రెడిట్లు, పాఠానికి గంట, ఇంటికి గంట, పదహారు వారాలు. దాన్ని ఎనిమిది వారాల్లో కుదిస్తే ఒక్కో కోర్సుకు వారానికి పదహారు గంటలు. ఐదు కోర్సులకు ఎనభై.

అతిభక్తి తీసేసినా, నిజాయితీగా లెక్కేసినా ఎనభై! ఎవరూ మోసం చేయలేదు. అంతా రూలు ప్రకారమే ఉంది. తనకు కనబడిన వీడియోలు ఇరవై గంటలు. కనబడని రాత, చదువు ఇంకో అరవై. ఆ అరవైకీ చేతులు కావాలి.

ప్రిన్సిపాల్ గదిలో ఒక రోజు

గంగారెడ్డి సార్‌కు కాగితం చూపిస్తే నమ్మలేదు. "మీరు ఎక్కువ రాస్తుండ్రు. వారం పని ఒక పూటల అయితది" అన్నారు. ఒళ్ళు మండింది. అయితే చేసి చూపించమన్నాను. మర్నాడు ఐదుగురు లెక్చరర్లనూ ఆయన గదిలోనే కూర్చోబెట్టాం. ఎవరి కోర్సు వాళ్ళకు ఇవ్వలేదు, పక్కవాళ్ళది ఇచ్చాం.

మొదటి గంట నవ్వులు. ఎకనామిక్స్ రాజలింగానికి ఇంగ్లిష్ పడింది. మధ్యాహ్నానికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మాధవీ మేడమ్, గీ చర్చల రోజుకు ముగ్గురికి జవాబు రాయాలెనా? నా పెండ్లాంకే నేను రోజుకు మూడు జవాబులు చెప్పను!"

"మీ పద్నాలుగు పేజీల గ్రాఫుల సంగతి ముందు చెప్పండి సార్" అంది ఇంగ్లిష్ మాధవి. సొంతది కాకపోతే పని బరువు ఎంతో అప్పుడు తెలిసింది అందరికీ. సాయంత్రానికి నవ్వులు లేవు. మొదట్లో చెప్పానే, సగం కూడా కాలేదు.

గంగారెడ్డి సార్ నా కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదివారు. తర్వాత మెల్లగా, "పోనీ, ఆ పిల్ల వరకు చూసీ చూడనట్టు పాస్ చేద్దామా?" అన్నారు.

వద్దన్నాను. నా మాట కటువుగానే వచ్చింది. కోర్సును ఉత్త పచ్చ టిక్కులు చేసి నాలుగు క్రెడిట్లు రాసిస్తే, అది ట్రాక్టర్ మీది చదువుకూ ఈమె చదువుకూ ఒకే ధర కట్టడం. రేపు ఈమె బడిలో నిలబడి పిల్లలకు పాఠం చెప్పాలి. పని ఎక్కువ పెట్టి చంపడం ఒక తప్పైతే, పని లేకుండా క్రెడిట్ ఇవ్వడం ఇంకో తప్పు.

ఒకే పనికి రెండుసార్లు రాయించేవన్నీ తీసేశాం. రోజూ రాసే చర్చ వారానికి ఒకటైంది. ఒక్కో కోర్సు గడువు ఒక్కో రోజుకు మార్చాం, మా నాన్న తూముల లెక్కన. ఇంత చేసినా ఎనభై దగ్గరే ఆగింది. అంతకన్నా దించితే అది చదువు కాదు.

లావణ్యను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఒకటి రెండు వదులుకో అమ్మా. వదిలితే సీటు పోతుందని నాకూ తెలుసు. కానీ ఇది మనిషి చేసే పని కాదు."

నా కాగితం వైపు చూస్తూ నిలబడింది. "సూస్త సార్" అని వెళ్ళిపోయింది.

లావణ్య చేట

తర్వాతి వారం నుంచి ఆమె పనులు గడువుకు ముందే రావడం మొదలైంది. ఐదు కోర్సులవీ. ఫొటో తీసి పంపిన పేజీల్లో దస్తూరీ నిలకడగా, జవాబులు శ్రద్ధగా. ఒక్కటి తప్పలేదు. నేను సంతోషించలేదు, భయపడ్డాను. రాజలింగం బయటికే అనేశాడు.

"ఎవలో రాసి పెడ్తుండ్రు సార్. గిట్ల రాసిచ్చేటోళ్ళు బజార్ల మస్తు మంది ఉన్నరు. మొన్నటిదాంక చేతుల్లేవన్న పిల్లకు గిన్ని చేతులు ఏడికెల్లి అచ్చినయి?"

గంగారెడ్డి సార్ నన్ను పిలిచారు. "మీరే పోయి సూసి రాండ్రి. దొరికితే ఐదూ క్యాన్సిల్. మనసుకు ఎంత కష్టమైనా తప్పది."

శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గల్లీ చివర వాకిట్లో రేకుల నీడన ముగ్గురు ఆడవాళ్ళు బీడీలు చేస్తున్నారు. నాలుగో చేట ఉంది, దాని ముందు మనిషి లేదు. ఒక పెద్దామె తన చేటలో నుంచి ఒక కట్ట తీసి ఆ చేటలో వేసింది. నన్ను చూడగానే ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

"లావణ్య ఇల్లు ఇదేనా?"

"ఔ" అంది పెద్దామె. ఆమె పేరు నర్సవ్వ అని తర్వాత తెలిసింది. కొంగు సర్దుకుంటూ గబగబా మొదలుపెట్టింది. "గివి లావణ్య జేసినయే సారూ. ఇప్పటిదాంక ఈడనే కూసుండె. గిప్పుడే లోపటికి వోయింది. మేం ఒక్కటి గూడ ముట్టలేదు. ఒట్టు!"

నాకేమీ అర్థం కాలేదు. నేను బీడీల మాటే ఎత్తలేదు.

"నిజంగ సారూ," అంది పక్కనున్నామె. "కార్డు ఆమెదే, బీడీలు ఆమెవే. కార్ఖానాల ఎవలో గిట్టనోళ్ళు చెప్పి ఉంటరు. నమ్మకుండ్రి."

అప్పుడు వెలిగింది. నన్ను కార్ఖానా నుంచి తనిఖీకి వచ్చినవాడనుకున్నారు. లావణ్య రాత ఆమె చేతిదేనా అని చూడ్డానికి నేను వెళ్ళాను. లావణ్య బీడీలు ఆమె చేతివి కావని ఎక్కడ బయటపడుతుందో అని వాళ్ళు బెదిరిపోతున్నారు.

"అవ్వా, నేను కార్ఖానావాణ్ణి కాదు. లావణ్య కాలేజీ సార్‌ని."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సవ్వ గట్టిగా ఊపిరి వదిలి నెత్తి కొట్టుకుంది.

"ఓ నీ పాడుగాను! ముందే చెప్పద్దా సారూ? పానం వోయినంత పనాయె!"

తలుపు నెట్టి చూపించింది. లోపల చిన్న బల్ల ముందు లావణ్య రాస్తోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముందు పుస్తకం. పాప పక్కన నిద్రపోతోంది. నేను నిలబడ్డ సంగతి కూడా తెలియలేదు ఆమెకు. దస్తూరీ చూశాను. మాకు వస్తున్న దస్తూరీ అదే. ఆమె వేళ్ళ మీద తంబాకు పసుపు వెలిసిపోతోంది, మధ్య వేలి మీద పెన్ను రాపిడికి కాయ లేస్తోంది.

వాకిట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఎప్పట్నుంచి అవ్వా?"

"గా దినం మీ కాలేజీకెల్లి అచ్చి చేట ముందట కూసోని ఒక్క బీడీ చెయ్యలే. ఎనభై గంటలంట సార్ అనుకుంట గట్లనే కూసుండె. నువ్వు లోపటికి వో, చేతులు మాయి ఉన్నయి గదా అన్న. మేం ముగ్గురం తలా ఇన్ని జేస్తున్నం. పొద్దుగాల ఇంకింత జల్ది కూసుంటున్నం, గంతే."

"మీ బీడీలు తగ్గవా మరి?"

"తగ్గితే తగ్గనీ. దానికి సీటు అస్తే మా గల్లీల ఒక టీచరమ్మ ఉంటది." ఆ మాటలోనే గొంతు మార్చి దబాయించింది. "గని సారూ, ఒక్క మాట. మొదట్ల పాఠాలు మాకు గూడ ఇనవడుతుండె. గా మనసు గురించి చెప్పే మేడమ్ మంచిగ చెప్తుండె. కోపం ఎందుకస్తదో చెప్పింది. కోపం ఎట్ల తగ్గుతదో చెప్పకముందే ఇది గా వైర్లు చెవులల్ల వెట్టుకునె! ఇప్పుడు మా కోపం ఏం గావాలె?"

పక్కవాళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కాలేజీకి వెళ్ళి, రాత లావణ్యదేనని గంగారెడ్డి సార్‌కు చెప్పాను. చేతులు ఎక్కడివని ఆయన అడిగారు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆయన బల్ల మీది టీ చల్లారిపోయింది, తాగలేదు.

కొత్తవాళ్ళకు

పిల్లలూ, మీరడిగిన దానికి నా జవాబు ఇది. వీడియో నిడివి చూసి కోర్సు బరువు కొలవకండి. మీరు పెట్టే ప్రతి పనినీ ముందు మీరే చేసి చూడండి, అదీ సబ్జెక్టు తెలియని మనిషిలా. పక్క లెక్చరర్ ఏం పెట్టాడో అడగండి. టర్మ్ సగానికి కుదిస్తే వారం బరువు రెట్టింపవుతుంది, క్రెడిట్ చూస్తే మాత్రం అంతే ఉంటుంది. ఆ అంకె మీకు నిజం చెప్పదు.

ఎండాకాలం టర్మ్‌లో రెండు కోర్సులకు మించి ఎవరికీ ఇవ్వకూడదని మరుసటి ఏడు నేనే రూలు పెట్టించాను. మంచి రూలే. కాకపోతే ఆ రూలు ఒక్క ఏడాది ముందుంటే లావణ్య సీటు పోయేది. ఈ రెండు మాటలూ నిజమే. రెండింటినీ ఒకచోట పెట్టి సర్దడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

లావణ్య ఐదూ పాసైంది. కౌన్సెలింగ్‌కు ముందు మెమో తీసుకోవడానికి వచ్చింది. వెంట నర్సవ్వ, మిగిలిన ఇద్దరూ వచ్చారు. కాలేజీ చూడాలన్నారట. దూద్‌పేడాల డబ్బా నా బల్ల మీద పెట్టారు. నర్సవ్వకు చదువు రాదు. మెమో తన చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుంది.

"గిందుల లావణ్య పేరేడుంది సారూ?"

చూపించాను.

"గిదేంది?"

"ఇరవై క్రెడిట్లు అవ్వా. అన్ని గంటల కష్టం పడిందని లెక్క."

"మరి మాయి ఏడ రాసిండ్రు?"

అని పకపకా నవ్వింది. మిగతా ఇద్దరూ నవ్వారు. లావణ్య నవ్వబోయి ఆగిపోయింది. నేను ఆ మెమోను చేతిలోకి తీసుకుని, నిజంగానే వెతుకుతున్నవాడిలా, ఒకసారి తిప్పి చూశాను.

వెనక వైపు ఏమీ లేదు.